లెంటివైరస్ వాహకం

క్షీరద కణాల డీఎన్ఏలో కోరిన జన్యువును శాశ్వతంగా చేర్చే సాధనం. సాధారణంగా హెచ్ఐవీ-1 నుంచి, దాని వృద్ధికి అవసరమైన జన్యువులను తీసేసి తయారుచేస్తారు. అంతకుముందు వాడిన ఎలుక రెట్రోవైరస్‌లు విభజన చెందే కణాల్లోనే పనిచేసేవి. 1996లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో లూయిజీ నాల్డీని, ఇందర్ వర్మ, డిడియే ట్రోనో బృందం విభజన ఆగిపోయిన మెదడు కణాల్లోకీ జన్యువును పంపి చూపింది. నాడీకణాల పరిశోధనకు ఇది నిజంగా పెద్ద మలుపు.

వైరస్ భాగాల జన్యువులను వేర్వేరు ప్లాస్మిడ్‌లలో (గుండ్రటి డీఎన్ఏ ముక్కల్లో) పెట్టి, ప్రయోగశాలలో పెంచే హెచ్ఈకే 293టీ అనే మానవ కణాలకు అందిస్తారు. రెండు రోజులకు పళ్లెంలోని గులాబీరంగు ద్రవంలోకి వైరస్ రేణువులు విడుదలవుతాయి. ఆ ద్రవాన్ని వడగట్టి వాడతారు. జన్యువులను కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో వేల జన్యువులను ఒకేసారి పరీక్షించేటప్పుడు వైరస్ మోతాదు బాగా తగ్గించాలి. ఒక్కో వైరస్ ఒక్కో జన్యువును గురిపెడుతుంది కాబట్టి, ఒక కణంలోకి రెండు మూడు వైరస్‌లు చేరితే, కనిపించిన మార్పు ఏ జన్యువు వల్ల వచ్చిందో తేలదు.