సైకిల్ మీద నుంచి పడ్డ పిల్లాడి మోకాలు: టోక్యోలో మొదలైన కథ

మన వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ మొదలైంది 1959లో. అదే ఏడాది అమెరికాలో మేయర్స్, మెకీవర్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక మోకాలి ఫ్రాక్చర్ గురించి పేపర్ రాశారు. ఈ రెండింటికీ సంబంధం లేదు, కాకతాళీయమే. కానీ ఇవాళ ఎముకల డాక్టర్ అవుదామనుకునే వాళ్లెవరైనా ఆ ఇద్దరి పేర్లు చదవాల్సిందే.

ఎందుకంటే, పిల్లాడు సైకిల్ మీద నుంచి పడ్డాడనుకోండి. పెద్దవాళ్లకైతే మోకాలి లోపలి లిగమెంట్ తెగుతుంది. పిల్లల ఎముక చివర ఇంకా పూర్తిగా గట్టిపడదు కదా, అందుకని లిగమెంట్ తెగకుండా, తను అతుక్కున్న చోటి ఎముక ముక్కనే పెకిలిస్తుంది. దీన్నే టిబియల్ స్పైన్ ఫ్రాక్చర్ అంటారు. ముక్క కదలకపోతే మొదటి రకం, పిండికట్టు చాలు. ముందు వైపు మాత్రం డబ్బా మూతలా లేస్తే రెండో రకం. పూర్తిగా ఊడితే మూడోది. అప్పుడు సర్జరీ కావాలి. ఈ లెక్క ఆ 1959 పేపర్‌దే.

అప్పట్లో సర్జరీ అంటే మోకాలు కోసి తెరవడమే. మరి చిన్న రంధ్రాలతో చేసే పద్ధతి ఎక్కడిది?

జపాన్‌ది. 1918లో టోక్యోలో కెంజి తకాగి అనే డాక్టర్, మూత్రాశయం లోపల చూసే గొట్టాన్ని ఒక శవం మోకాల్లోకి పెట్టి చూశాడు. ఆయన బాధేంటంటే, టీబీ వల్ల మోకాళ్లు బిగుసుకుపోయేవి. నేల మీద కూర్చునే దేశంలో కాలు మడవలేని మనిషి గతేంటి? బాసింపట్లు వేసుకుని అన్నం తినే మనకి ఈ బాధ వేరే చెప్పాలా!

ఆయన శిష్యుడు మసాకి వతనబె ఆ పరికరాన్ని బాగుచేసి, 1962లో దాంతోనే చిరిగిన మెనిస్కస్ ముక్క తీసేశాడు. చివర చిన్న బల్బు ఉండేది, ఒక్కోసారి మోకాల్లోనే పగిలేది కూడా. 1964లో కెనడా డాక్టర్ రాబర్ట్ జాక్సన్ టోక్యో వచ్చి ఈ విద్య నేర్చుకుని వెళ్లాడు. 1982 నాటికి మెక్‌లెనన్ అనే సర్జన్ ఇదే పద్ధతిని మనం చెప్పుకున్న ఫ్రాక్చర్‌కి వాడి పేపర్ రాశాడు.

ఇప్పుడు ఎలా చేస్తారంటే, చిన్న గాట్లు పెట్టి, సెలైన్ నింపి, కెమెరాతో చూస్తారు. చాలాసార్లు మెనిస్కస్ ఆ ముక్క కింద ఇరుక్కుని ఉంటుంది. దాన్ని పక్కకి జరిపి, ముక్కని కిందికి దించి దారంతోనో స్క్రూతోనో బిగిస్తారు. పిల్లల ఎముకలో పెరిగే పొర, అంటే గ్రోత్ ప్లేట్ ఉంటుంది, స్క్రూ దాన్ని దాటకుండా చూసుకోవాలి.

ఒక్క మాట. గాటు చిన్నదే కదా అని కొందరు ఫిజియోథెరపీ మానేస్తారు. ఈ సర్జరీ తర్వాత ఎక్కువగా వచ్చే సమస్య మోకాలు బిగుసుకుపోవడమే, సరిగ్గా తకాగి భయపడిందే. అందుకే డాక్టర్ ఓకే అన్న రోజు నుంచే కాలు మడిచే ఎక్సర్‌సైజ్ మొదలుపెట్టిస్తారు.