పాలసీసా - ఉగ్గుగిన్నె

1992 నాటి చట్టం పాలసీసాల ప్రకటనలను నిషేధించినది గాని అమ్మకాన్ని కాదు. పలాస, టెక్కలి బజారులలో అవి దొరుకుతూనే ఉన్నవి. 1845లో అమెరికాలో ఎలైజా ప్రాట్ రబ్బరు పీకకు పేటెంటు పొందినాడు. తరువాత ఇంగ్లండులో పొడవాటి రబ్బరు గొట్టం గల సీసాలు వచ్చినవి. బిడ్డ పడుకునే పాలు త్రాగేది; తల్లికి ఎంత తీరిక! కాని గొట్టం లోపల కడుగుట దుస్సాధ్యం. అందు నిలిచిన పాలలో సూక్ష్మజీవులు పెరిగి ఎందరో పసికందులు మరణించినారు. వాటికి ‘హంతక సీసాలు’ అని పేరు పడినది.

మన ఉగ్గుగిన్నెకు గొట్టం లేదు, మూలలు లేవు. వేలితో తోమి మరిగించవచ్చు. నెలలు నిండని బిడ్డలకు పిండిన తల్లిపాలు పట్టుటకు నేటి ఆసుపత్రులలోనూ ఇటువంటి గిన్నెలే వాడుతున్నారు.

మూత్రపిండాల వ్యాధివల్ల నీటినే శంకించే ఉద్దానంలో మరొక చిక్కున్నది. పాలపొడికి ఆ నీరే కావాలి. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తవి గాని, కరిగిన లవణాలు పోవు. తల్లిపాలు త్రాగే బిడ్డకు ఆరు నెలలదాకా వేరే నీటితో పనే లేదు.