తెలిసిన కథలో ఉత్కంఠ



స్వానుభవ వ్యాసానికి పుట్టుకతోనే ఒక చిక్కు ఉంది. రాసినవాడు బతికి బయటపడ్డాడని పాఠకునికి ముందే తెలుసు. మరి ఉత్కంఠ ఎక్కడినుంచి వస్తుంది?

టెక్కలిలో తెలుగు పండితునిగా ఉన్న రోజులలో నాటకలక్షణం బోధిస్తూ పంచసంధులు వల్లె వేయించేవాడిని: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శం, నిర్వహణం. బీజం పడుతుంది, కనబడీ కనబడక ఊరిస్తుంది, విఘ్నాల పాలై తుదకు ఫలిస్తుంది. ఇది నాటకానికే గాని సొంత బతుకుకు ఎందుకనుకునేవాడిని.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు తాము జరిపించిన తొలి వితంతు వివాహం 1881 డిసెంబరు 11న, రాజమహేంద్రవరంలో. ఆయన ‘స్వీయ చరిత్రము’ రాసేనాటికి ఆ పెళ్లి జరిగి ఏళ్లు గడిచాయి; ఫలితం లోకవిదితం. అయినా ఆ ఘట్టం మనలను వదలదు. ఊరు వెలివేస్తామంటుంటే పెళ్లివారికి వండేదెవరు? గోదావరి నుంచి నీళ్లు తెచ్చేదెవరు? ఆ పనులకు రాజ్యలక్ష్మమ్మగారు తామే నడుం కట్టారు. ‘పెళ్లి జరిగిందా’ అన్న ప్రశ్న పోయి, ‘ఎలా గట్టెక్కారు’ అన్నది మిగిలింది. విమర్శసంధి అంటే ఇదే గదా!

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఆ రాత్రిని గురించి నేనొక వ్యాసం రాశాను. రక్తి కట్టడానికని, పెరటి కొబ్బరిచెట్టు నా పక్కనే కూలినట్లు కల్పించాను. చదివి వినిపిస్తే మా ఇంటావిడ, “మీరు గుమ్మం దాటితే కదండీ, చెట్టు పక్కన పడడానికి!” అంది.

నిజమే. పాకలో ఆవు అరుస్తోంది. వెళ్లి పలుపు విప్పాలి. తలుపు గడియ మీద రెండుసార్లు చేయి వేసి, రెండుసార్లూ వెనక్కు తీసుకున్నాను. వెళ్లింది ఆవిడ. ఆ మాట దాచడానికే చెట్టును కూల్చాను.

లేని ప్రమాదం కల్పించడం ఉత్కంఠ కాదని అప్పుడు తెలిసింది. చెప్పడానికి మనసొప్పని నిజమే కథకు బీజం. దానిని మొదటే వెళ్లగక్కకుండా, కడదాకా దాచేయకుండా, సమయానికి విప్పడమే నేర్పు.

వ్యాసం తిరగరాశాను. ఆవు అరుపుతో మొదలుపెట్టి, పలుపు విప్పినదెవరో చివరి వాక్యంలో చెప్పాను. జరిగినదంతా తనకు తెలిసినదే అయినా, మా ఇంటావిడ మధ్యలో లేవకుండా విన్నది.