తవుడులో పారేసింది మాత్రలో కొంటున్నాం

రోజూ మల్టీవిటమిన్ మాత్ర వేసుకుంటే మంచిదా, డబ్బు దండగా? దీనికి జవాబు మన వడ్ల చరిత్రలోనే ఉంది. కాస్త ఓపిగ్గా చదవండి.

1880ల్లో జావా దీవి డచ్చివాళ్ల ఏలుబడిలో ఉండేది. అక్కడ సైనికులు, ఖైదీలు బెరిబెరి జబ్బుతో కాళ్లు చచ్చుబడి, గుండె దెబ్బతిని చనిపోయేవారు. ఏదో క్రిమి వల్ల అనుకున్నారు. బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, ఐక్‌మన్ అనే డాక్టరు పరిశోధనకి పెంచుతున్న కోళ్లకీ కాళ్లు పడిపోయాయి. కొన్నాళ్లకి వాటంతటవే లేచి తిరిగాయి! ఆరా తీస్తే సంగతి బయటపడింది. మధ్యలో వాటికి మిలటరీ ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం పెట్టారు. కొత్త వంటవాడు వచ్చి "మిలటరీ బియ్యం కోళ్లకెందుకు" అని ఆపేశాడు. మళ్లీ పాలిష్ లేని బియ్యం పడేసరికి జబ్బు పోయింది.

తెల్లబియ్యంలో విషం ఉందనుకున్నాడు ఐక్‌మన్. ఆయన తర్వాత ఆ పని చేసిన గ్రైన్స్ 1901లో అసలు విషయం చెప్పాడు: ఉన్నది విషం కాదు, తవుడుతో పాటు ఒంటికి కావలసినదేదో పోతోంది. అలాంటి పదార్థాలకి 1912లో ఫంక్ పెట్టిన పేరే విటమిన్. బెరిబెరిని ఆపే బి1ని 1936లో ల్యాబులో తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ పుట్టింది ఎక్కడో తెలుసా? మన నెల్లూరులో, 1886లో, ఒక మిషనరీల ఇంట్లో!

మరపట్టిన పచ్చి బియ్యం తినే మన సర్కారు జిల్లాల్లోనూ బెరిబెరి ఉండేది. ఉప్పుడు బియ్యం తినేవాళ్లకి అది అరుదు. వడ్లు నానబెట్టి ఉడికించేటప్పుడు బి1 గింజ లోపలికి దిగుతుంది కాబట్టి, మరాడించినా కొంత మిగులుతుంది.

అంటే విటమిన్ అద్భుతం చేసింది లోపం ఉన్నచోటే. లోపం లేనిచోట? ఫిన్లాండులో పొగతాగే 29 వేలమంది మగవాళ్లని తీసుకుని, కొందరికి ఏళ్ల తరబడి బీటా కెరోటిన్ మాత్రలిచ్చారు. 1994లో ఫలితం చూస్తే, ఆ మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువొచ్చింది. మల్టీవిటమిన్లు గుండెజబ్బుని, క్యాన్సర్‌ని ఆపుతాయనడానికి ఆధారాలు చాలవని 2022లో అమెరికా నిపుణుల బృందం తేల్చింది.

అలాగని మాత్రలన్నీ మోసం కాదండోయ్. బిడ్డ కోసం చూస్తున్న ఆడవాళ్లకి, గర్భిణులకి ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి. బిడ్డ వెన్నుపాము లోపాలని అది చాలావరకు ఆపుతుంది. దాన్ని ల్యాబులో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారే. పాలు, గుడ్లు, మాంసం ఏవీ ముట్టనివాళ్లకి బి12 కావాలి. రక్తపరీక్షలో లోపం తేలినవాళ్లు డాక్టరు చెప్పినన్నాళ్లు వాడాలి.

జింకు లోపమున్న మడిలో జింకు సల్ఫేటు చల్లితే పైరు తిప్పుకుంటుంది. లోపం లేని మడిలో చల్లితే డబ్బులు పోతాయి, అంతే. ఒంటికీ అదే లెక్క. ముందు పరీక్ష, తర్వాతే మాత్ర.

తవుడేమో గేదెకి, తెల్లన్నం మనకి, పైన మాత్రల ఖర్చు! ముందు కంచంలోకి కాస్త ముడిబియ్యం, పప్పు, ఆకుకూర రానివ్వండి.