మాన్స్: పొలం నుంచి పాస్టరు ఇంటికి

స్కాట్లాండ్‌లో చర్చి పాస్టరు కాపురం ఉండే ఇంటిని ‘మాన్స్’ అంటారు. ఇంగ్లండులో వికార్ ఉండే ఇల్లు వికరేజ్, రెక్టర్ ఉండేది రెక్టరీ. ఆ పేర్లు మనిషి హోదాను బట్టి వచ్చాయి. మాన్స్ మాత్రం నేలను బట్టి వచ్చింది.

లాటిన్‌లో ‘మనేరే’ అంటే ఉండిపోవడం. మాన్షన్, పర్మనెంట్ అనే మాటలకూ మూలం అదే. దాని నుంచి పుట్టి, మాన్స్‌కు మూలమైన ‘మాన్సుస్’ అంటే మధ్యయుగపు యూరప్‌లో ఒక రైతు కుటుంబం బతకడానికి సరిపడే కమతం, ఇల్లూ పొలమూ కలిపి. రైతు దొరకు కట్టాల్సిన శిస్తూ, చెయ్యాల్సిన వెట్టీ ఆ లెక్క మీదే నడిచేవి. ఫ్రాంకుల చక్రవర్తి లూయీ 818–819లో ప్రతి చర్చికీ ఒక పూర్తి మాన్సుస్‌ను వెట్టి లేకుండా వదిలిపెట్టాలని శాసించాడు. మన గుళ్లకు రాసిచ్చిన మాన్యాల వంటి ఏర్పాటే ఇది. అయితే మాన్యం సంస్కృతం నుంచి వచ్చింది. మాటలు వినడానికి దగ్గరగా ఉన్నా వాటికి చుట్టరికం లేదు.

1560లో స్కాట్లాండ్ ప్రొటెస్టెంటు దారి పట్టాక పాస్టర్లకు పెళ్లిళ్లయ్యాయి, సంసారాలు పెరిగాయి, ఇళ్లు కావలసి వచ్చాయి. 1663 నాటి చట్టం ఆ భారాన్ని ఊరి భూస్వాముల మీద పెట్టింది. ఇంటి ఖర్చు వెయ్యి స్కాట్స్ పౌండ్లు మించకూడదు. పాస్టరు గారి గుర్రం ఒకటి, ఆవులు రెండు మేయడానికి పచ్చిక కూడా చూపించాలి. అంటే ఇల్లు అనే అర్థం స్థిరపడ్డాక కూడా మాన్స్ అనే మాట నేలను పూర్తిగా వదల్లేదు. భూస్వాముల మీది ఈ బాధ్యతను తొలగించి, ఆ ఆస్తులను చర్చికి అప్పగించే ఏర్పాటు 1925 చట్టంతో వచ్చింది.

ఈ మాట ఇల్లు దాటి మనుషులకూ అంటుకుంది. పాస్టరు కొడుకును అక్కడ ‘సన్ ఆఫ్ ది మాన్స్’ అంటారు. 1926లో లండన్‌లో టెలివిజన్‌ను ప్రదర్శించిన జాన్ లోగీ బెయిర్డ్, 2007–10 మధ్య బ్రిటన్ ప్రధానిగా ఉన్న గోర్డన్ బ్రౌన్ అలాంటి ఇళ్ల పిల్లలే. చదువు, పొదుపు, ఎవరొచ్చి తలుపు తట్టినా పలకడం ఆ పెంపకంలో భాగమని అక్కడివారి నమ్మకం. తండ్రి పదవి వదిలిన రోజున ఆ ఇల్లు తర్వాతి పాస్టరుకు పోతుంది. పిల్లలకు ఆస్తిగా మిగిలేది ఆ పెంపకమే.