ఆఫ్రికా సఫారీ ప్లాన్ చేస్తున్నారా? మసాయి మారా, సెరెంగెటి.. ఏ సెలవులకు ఏది బెటరంటే..

వేల జంతువులు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఒక్కసారిగా నదిలోకి దూకేస్తాయి. నీళ్లలో మొసళ్లు కాచుకుని ఉంటాయి. ఈ వీడియోను ఫోన్‌లో చూడనివాళ్లు తక్కువే. జీవితంలో ఒక్కసారైనా అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లకు మొదట వచ్చే డౌట్ ఒకటే. కెన్యాలోని మసాయి మారాకు వెళ్లాలా? టాంజానియాలోని సెరెంగెటికి వెళ్లాలా? మనిషికి లక్షల్లో ఖర్చయ్యే ట్రిప్ ఇది. నెల తప్పితే గడ్డి మైదానం కనిపిస్తుంది కానీ, వీడియోలో చూసిన మంద మాత్రం కనిపించదు.

అసలు విషయం ఏంటంటే.. ఈ రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్న మైదానాలే. మధ్యలో దేశ సరిహద్దు ఉంది కానీ కంచె లేదు. సెరెంగెటి నేషనల్ పార్క్ విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు. మసాయి మారా రిజర్వ్ సుమారు 1,510 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు పదో వంతు. జింక జాతికే చెందినా దున్నలా కనిపించే వైల్డ్‌బీస్ట్‌లు, వాటితో పాటు జీబ్రాలు పచ్చగడ్డి కోసం వాన పడిన చోటల్లా వెతుక్కుంటూ ఏడాదంతా ఈ ప్రాంతంలో చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. ఎక్కువ నెలలు టాంజానియా వైపే గడుపుతాయి. కెన్యాలోకి వచ్చేది సుమారు జులై నుంచి అక్టోబర్ దాకానే. అందుకే ముందు మీకు సెలవులు ఎప్పుడో చూసుకోవాలి. ఏ దేశమన్నది ఆ తర్వాతే తేలుతుంది.

దసరా సెలవులైతే..

సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో మసాయి మారాకే మొగ్గు. ఆ టైమ్‌లో మందలు మారా నదికి అటూ ఇటూ దాటుతూ ఉంటాయి. నైరోబీ నుంచి రోడ్డు మీద ఐదారు గంటల్లో చేరుకోవచ్చు. చిన్న విమానంలో అయితే గంట లోపే. మూడు రోజులున్నా చాలు కాబట్టి వారం సెలవు దొరికినవాళ్లకు ఇదే సులువు.

అయితే ఖర్చు ఇక్కడే కొడుతుంది. జులై నుంచి డిసెంబర్ దాకా విదేశీ పర్యాటకుల్లో పెద్దవాళ్లకు ఎంట్రీ ఫీజు రోజుకు 200 డాలర్లు. జనవరి నుంచి జూన్ దాకా అదే 100 డాలర్లు. టికెట్ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకానే పనిచేస్తుంది. సీజన్‌లో భార్యాభర్తలు మూడు రోజులు తిరిగితే ఒక్క ఎంట్రీకే 1,200 డాలర్లు. అంటే మన డబ్బుల్లో లక్ష దాటుతుంది. జీపు, బస, విమాన టికెట్లు దీనికి అదనం. ప్యాకేజీ ధర చెప్పేటప్పుడు ఈ ఫీజు కలిపారో లేదో గట్టిగా అడగాలి.

ఇంకో మాట. నది దాటే సీన్ కచ్చితంగా కనిపిస్తుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. మంద ఒడ్డు దాకా వచ్చి, గంటల తరబడి నిలబడి, చివరికి వెనక్కి తిరిగి వెళ్లిపోవచ్చు. మూడు రోజులూ ఒడ్డున జీపులోనే కూర్చున్నా ఒక్కసారి కూడా దాటకపోవచ్చు. రీల్‌లో 30 సెకన్లే కనిపిస్తుంది, ఎదురుచూపు కనిపించదు.

చాలామందికి తెలియనిది ఏంటంటే, అదే మారా నది సెరెంగెటి ఉత్తర భాగంలోనూ పారుతుంది. కొగతెండె అనే చోట ఇదే సీజన్‌లో ఇదే దృశ్యం చూడొచ్చు. మారాతో పోలిస్తే వాహనాల రద్దీ సాధారణంగా తక్కువ. కాకపోతే అక్కడికి చేరడమే కష్టం. చిన్న విమానం ఎక్కాలి, లేదంటే రెండు రోజులు రోడ్డు మీదే పోతాయి. రద్దీ అసలు ఉండదనీ కాదు. 2025 జులైలో సెరెంగెటిలో పర్యాటకులు జీపులు దిగి, నది దాటే మందకు అడ్డంగా నిలబడిన వీడియో వైరల్ అయింది. రెండు చోట్లా బండి దిగడం నిషేధం. డ్రైవర్ దిగమన్నా దిగొద్దు.

సంక్రాంతి సెలవులైతే..

అప్పుడు మారాలో ఈ మందలు ఉండవు. అవి ఉండేది సెరెంగెటి దక్షిణాన, ఎండుటు చుట్టుపక్కల. జనవరి చివర నుంచి ఫిబ్రవరిలో అక్కడ ఈనే కాలం. కొన్ని వారాల్లోనే లక్షల దూడలు పుడతాయి. పుట్టిన కొద్ది నిమిషాలకే లేచి నిలబడతాయి, లేవకపోతే సింహాలు, చీతాలు, హైనాలు వదలవు. నిజం చెప్పాలంటే వేట చూడాలనుకునేవాళ్లకు నది కన్నా ఇదే మంచి అవకాశం. సంక్రాంతికి మంద చేరి ఉంటుంది కానీ పుట్టుకల జోరు ఇంకా పెరగకపోవచ్చు. రెండు మూడు వారాలు ఆగగలిగితే మేలు.

ఇటు వచ్చేవాళ్లు అరూషా నుంచి బయల్దేరాలి. దారిలోనే ఎన్‌గోరోంగోరో బిలం ఉంది, ఖడ్గమృగాన్ని చూసే ఛాన్స్ అక్కడ ఎక్కువ. సెరెంగెటి ఎంట్రీ సీజన్‌లో 24 గంటలకు 70 డాలర్లు, దానిపై 18 శాతం వ్యాట్. చూడ్డానికి మారా కన్నా చవక. కానీ పార్కు లోపల బసకు వేరే ఫీజు, ఎన్‌గోరోంగోరో మీదుగా వెళ్తే దానికీ ఫీజు, పైగా దూరాలు ఎక్కువ కాబట్టి రోజులూ పెరుగుతాయి. కనీసం ఐదారు రోజులు లేకపోతే ఇటు రావడం దండగ.

వేసవి సెలవులే కుదిరితే..

మార్చి నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు. కొన్ని క్యాంపులు మూసేస్తారు కూడా. మే కంటే జూన్ మొదటి వారం నయం. మంద అప్పటికి సెరెంగెటి పశ్చిమ భాగానికి చేరుతుంది. మందతో పనిలేదు, పిల్లలకు సింహాలు, ఏనుగులు, జిరాఫీలు చూపిస్తే చాలనుకుంటే మాత్రం మారాయే బెటర్. అవి ఏడాదంతా అక్కడే ఉంటాయి, ఎంట్రీ ఫీజు కూడా సగమే.

ఆఫ్రికా అనగానే ఎండలే అనుకుని పలచటి బట్టలు సర్దుకుంటారు. పొద్దున్నే ఓపెన్ జీపులో వణుకు పుడుతుంది, స్వెటర్ తప్పనిసరి. చిన్న విమానాల్లో లగేజీ సాధారణంగా 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగే ఉండాలి. పచ్చళ్లు, పొడులు క్యారీ కవర్లలో చుట్టుకెళ్లే అలవాటుంటే మానుకోవాలి. ప్లాస్టిక్ కవర్లపై కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి నిషేధం ఉంది.

రెండూ ఒకే ట్రిప్‌లో చూసేద్దాం అనుకుంటే చిన్న చిక్కు ఉంది. మారా నుంచి సెరెంగెటికి జంతువులు నేరుగా వెళ్తాయి, పర్యాటకులు వెళ్లలేరు. ఇసెబానియా సరిహద్దు దాకా చుట్టూ తిరిగి వెళ్లాలి, దాదాపు ఒక రోజు పోతుంది. కెన్యాకు ఆన్‌లైన్‌లో ఈటీఏ, టాంజానియాకు వేరేగా వీసా తీసుకోవాలి. ఈస్ట్ ఆఫ్రికా టూరిస్ట్ వీసా ఒకటి ఉంది కానీ అది కెన్యా, ఉగాండా, రువాండాలకే. టాంజానియాకు చెల్లదు.

ఎల్లో ఫీవర్ టీకా మాత్రం మర్చిపోవద్దు. కెన్యా వెళ్లొచ్చేవాళ్లు ఈ సర్టిఫికెట్ చూపించకపోతే తిరిగి మన ఎయిర్‌పోర్టులో దిగాక ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. కెన్యా నుంచి టాంజానియాలోకి వెళ్లేటప్పుడూ అడుగుతారు. వేసుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. గుర్తింపు పొందిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. 60 దాటిన అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే టీకాకు ముందే డాక్టర్‌ను అడగాలి. వాళ్లకు టీకా వద్దని డాక్టర్ చెబితే ప్లాన్ మార్చుకోవాల్సి రావచ్చు. కాబట్టి ఈ పని టికెట్లు బుక్ చేయకముందే తేల్చుకోవాలి.