చిత్తూరు ప్రాంత భారత హరికథల ధ్వనిముద్రణలు: రూపమార్పిడి – ఆకర విమర్శ

కీలకపదాలు: భారత హరికథ, ధ్వనిముద్రణ, వేవ్, ఎంపీత్రీ, ఫ్లాక్, ఆకర విమర్శ.

1. ప్రవేశిక:
రాజదండనలో చేతులు కోల్పోయిన లిఖితుడు ఏటిలో స్నానమాడి వాటిని తిరిగి పొందాడనీ, అందువల్లే ఆ ఏటికి బాహుదా అనే పేరు వచ్చిందనీ కాణిపాకం స్థలపురాణం చెబుతుంది. ధ్వనిముద్రణల లోకంలో అటువంటి బాహుదా లేదు. ఒకసారి తెగిన ధ్వని తిరిగి రాదు. కాణిపాకం నెలకొన్న చిత్తూరు ప్రాంతంలోని అనేక గ్రామాల్లో ద్రౌపదీ ధర్మరాజుల ఆలయాల వద్ద పగలు భారత హరికథ, రాత్రి వీధినాటకం జరగడం ఆనవాయితీ. ఈ ప్రదర్శనల ముద్రణలు మౌఖిక సంప్రదాయ చరిత్రకు ఆకరాలు. వాటిని వినియోగించే పరిశోధకుడు ఫైలు రూపాల చరిత్రను ఎందుకు తెలుసుకోవాలో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. రూపాల చరిత్ర:
ఫిలిప్స్ సంస్థ 1963లో పరిచయం చేసిన క్యాసెట్ 1980ల నాటికి భారతదేశంలో గ్రామస్థాయికి చేరింది. 1982లో వెలువడిన ఆడియో సీడీ ధ్వనిని సెకనుకు 44,100 నమూనాలుగా, ఒక్కొక్క నమూనాను 16 బిట్లుగా, రెండు వాహికల్లో నమోదు చేసింది. ఈ లెక్కన గంట కథకు సుమారు 635 మెగాబైట్లు అవసరం. 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం సంస్థలు రూపొందించిన వేవ్ ఫైలు సాధారణంగా ఈ కుదించని ధ్వనినే భద్రపరుస్తుంది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ ప్రధాన పాత్ర వహించిన కుదింపు విధానానికి 1995లో ఎంపీత్రీ అనే పేరు స్థిరపడింది. 128 కిలోబిట్ల వేగంతో అదే గంట కథ 58 మెగాబైట్లలోపు ఇముడుతుంది. గంటా పావు పట్టే సీడీలో పన్నెండు గంటల కథ పట్టడమే దాని వ్యాప్తికి కారణం.

3. కుదింపులో కోల్పోయేది:
పెద్ద ధ్వని చాటున చెవికి అందదని అంచనా వేసిన చిన్న ధ్వనిని ఎంపీత్రీ వదిలివేస్తుంది లేదా స్థూలంగా నమోదు చేస్తుంది. హరికథకుని చిడతల వంటి ఆకస్మిక ధ్వనులు దీనికి కఠిన పరీక్ష. తక్కువ వేగంలో చిడత మోతకు ముందే మసక రొద వినిపిస్తుంది. 16 కిలోహెర్ట్జ్‌కు పైనున్న ధ్వని తరచుగా తొలగిపోతుంది. ఆ ఫైలును తిరిగి వేవ్‌గా మారిస్తే పరిమాణం పదకొండు రెట్లు పెరుగుతుందే తప్ప పోయిన ధ్వని రాదు.

ఈ స్థితికి తాళ్లపాక రాగిరేకులు సమీప ఉపమానం. అవి సాహిత్యాన్నీ రాగనామాన్నీ కాపాడాయి. కీర్తనల మూల వరుసలు మాత్రం దక్కలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతులు 20వ శతాబ్దిలో కూర్చిన బాణీలు ఉత్తమ సృష్టులే గాని అన్నమయ్య నాటి గానానికి పునరుద్ధరణలు కావు. 2001లో వచ్చిన ఫ్లాక్ విధానం భిన్నమైనది. అది పరిమాణాన్ని సుమారు సగానికి తగ్గించినా, విప్పినప్పుడు ప్రతి బిట్టునూ యథాతథంగా అప్పగిస్తుంది.

4. ముగింపు:
వేవ్ అనే పేరు మాత్రమే మూలప్రతికి ప్రమాణం కాదు. వర్ణపట చిత్రంలో 16 కిలోహెర్ట్జ్ వద్ద ధ్వని గోడకట్టినట్లు ఆగితే, అది కుదించిన ప్రతి నుండి పుట్టిందని అనుమానించాలి. తాళపత్ర ప్రతుల వంశవృక్షాన్ని పరిష్కర్త నిర్ణయించినట్లే, ధ్వని ప్రతుల పరంపరనూ పరిశోధకుడు నిర్ణయించాలి. అంతర్జాతీయ ధ్వని, దృశ్యశ్రవణ భాండాగారాల సంఘం కుదించని రూపాన్ని, కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల ప్రమాణాన్ని సూచిస్తున్నది. క్యాసెట్‌ను ఆ ప్రమాణంలో ఎక్కించి, వేవ్ లేదా ఫ్లాక్‌గా భద్రపరచి, ఎంపీత్రీని పంపిణీకే పరిమితం చేయడం యుక్తం. ఎక్కించిన తరువాత కూడా క్యాసెట్‌ను పారవేయరాదు. చిడత మోతకూ కథకుని గొంతుకూ అదే తొలి సాక్ష్యం.